డబ్బాకి తన ఆర్డరు తెలియాలా, వద్దా?

కాశీబుగ్గ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఎంసీఏ చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశారు. అత్తవారిది జీడిపప్పు వ్యాపారం. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకి వాళ్ల గోడౌన్ రేకులు లేచిపోయి, ఖాతా పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయట. అప్పటి నుంచి మావయ్యగారికి లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని పట్టుదల. కోడలు వచ్చాక ఆ పని మొదలైంది. పాపని నిద్రపుచ్చి, రాత్రి పది దాటాక కూర్చుని, ఏడాదిపాటు ఆమె ఒక్కరే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం రాశారు.

అందులో మూడు రకాల ఆబ్జెక్టులున్నాయి, అంటే ఒక్కో వస్తువు వివరాల్ని కలిపి ఉంచే ముక్కలు. పైన ఖాతా. ఖాతాలో ఆర్డర్లు: పార్టీ పేరు, కేజీ రేటు, తేదీ. ఒక్కో ఆర్డరులో పది కేజీల డబ్బాలు: నంబరు, గ్రేడు, తూకం. ఆర్డరు దగ్గర తన డబ్బాల జాబితా ఉంటుంది, ప్రతి డబ్బా దగ్గర తన ఆర్డరు ఏదో ఉంటుంది. ఆర్డరుకి తన ఖాతా కూడా తెలుసు. ఇలా ఒకటి ఇంకోదాన్ని గుర్తుపెట్టుకోవడమే లంకె.

ఇప్పుడు వచ్చిన కష్టాలు ఇవి. గోడౌన్‌లో లెక్కపెడితే 214 డబ్బాలు, స్క్రీన్ మీద 217. మావయ్యగారు మూడుసార్లు లెక్కపెట్టించారు, మూడుసార్లూ 214. మరో రోజు, బరంపురం పార్టీ ఆర్డరు రద్దు చేసుకున్నప్పుడు, 12 డబ్బాలు స్క్రీన్ మీది స్టాక్‌లోంచే మాయమయ్యాయి. పొద్దున్న చకచకా నడిచే ప్రోగ్రాం సాయంత్రానికి ఈడ్చుకుంటూ నడుస్తోంది. సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మరిది, ఆయన ఐఫోన్ యాప్‌లు చేసే కంపెనీలో పనిచేస్తారట, కోడ్ చూసి భోజనాల దగ్గర అందరి ముందూ ఇలా అన్నారు: "పిల్ల ఆబ్జెక్టుకి పేరెంట్ ఎవరో తెలియకూడదు వదినా. ఇది మొదటి ఏడాది కుర్రాళ్లు చేసే తప్పు. మొత్తం తీసేసి మళ్లీ రాయాలి."

ఆమె ఆ రాత్రే కింద నుంచి పైకి వెళ్లే లంకెలన్నీ తీసేశారు. తెల్లారి లేబుల్ మీద పార్టీ పేరు రాలేదు. మళ్లీ పెట్టేశారు. "ఎండాకాలం కొత్త జీడి పిక్కలు దిగేలోగా ఇది సరి చేయకపోతే మావయ్యగారు మళ్లీ పుస్తకాలకే వెళ్లిపోతారు. ఏమీ అనరు గానీ, నిన్న కొత్త ఖాతా పుస్తకం కొని తెచ్చి టీవీ పక్కన పెట్టారు. నాకు అసలు ఈ పని చేతకాదేమో. లంకె ఉంచాలా, తీసేయాలా?" అని అడుగుతున్నారు. కోడ్‌లో ముఖ్యమైన భాగాలు చేత్తో రాసి జతచేశారు.

అమ్మా,

టీవీ పక్కన ఖాతా పుస్తకం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మీకు ఎక్కడ గుచ్చుకుందో అర్థమైంది. అందుకే ముందుగా ఒక మాట చెప్పి పనిలోకి వెళ్తాను. మీరు రాసి పంపిన కోడ్ శ్రద్ధగా చదివాను. మీరు చెప్పిన ప్రతి కష్టానికీ కారణం ఆ కాగితాల్లోనే దొరికింది. చేతకానివాళ్లు రాసిన కోడ్‌లో కారణాలు ఇంత తేటగా దొరకవు.

మీ మరిది చెప్పిన మాటలో నిజం ఉంది, కానీ ఆయన దాన్ని నియమంగా చెప్పారు. పిల్ల ఆబ్జెక్టుకి పేరెంట్ తెలియకూడదన్న శాసనం ఎక్కడా లేదు. మీ కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఉన్నా రెండు చుక్కలు కొడితే పై ఫోల్డర్‌కి వెళ్తారు కదా. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నుంచి ప్రతి ఫోల్డర్‌కీ తన పై ఫోల్డర్ ఏదో తెలుసు. మీరు చూసే ప్రతి వెబ్ పేజీలోనూ ఒక్కో ముక్కకి తన పేరెంట్ నోడ్ తెలుసు. ఇవి రోజూ కోట్ల మంది వాడే ఏర్పాట్లు. కాబట్టి లంకె పెట్టడం తప్పు కాదు. దాన్ని ఎవరు కడుతున్నారు, ఎవరు విప్పుతున్నారు అన్నది మీ కోడ్‌లో తేలలేదు. కష్టాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

అంతకన్నా ముందు పేరెంట్ అనే మాట గురించి. ఈ మాటకి మన పనిలో రెండు అర్థాలున్నాయి, రెండూ ఒకే పాఠంలో చెప్తారు, అందుకే కలిసిపోతాయి. ఒకటి వారసత్వం: ఒక క్లాసు, అంటే ఆబ్జెక్టులు తయారయ్యే అచ్చు, ఇంకో క్లాసు నుంచి పుట్టి దాని లక్షణాలు తెచ్చుకోవడం. డబ్ల్యూ 240 అనే గ్రేడు డబ్బా కూడా ఒక రకం డబ్బాయే, అక్కడ వారసత్వం సరిపోతుంది. రెండోది కలిగి ఉండడం: ఆర్డరులో డబ్బాలుండడం. డబ్బా ఒక రకం ఆర్డరు కాదు. మొదట్లో డబ్బాని ఆర్డరు నుంచి ఇన్‌హెరిట్ చేశాననీ, తర్వాత మార్చుకున్నాననీ మీరే రాశారు. బాగా పట్టుకున్నారు. అయితే మూడో పేజీలో చూడండి, శాంపిల్ డబ్బా క్లాసు ఇంకా ఆర్డరు నుంచే పుడుతోంది. దానివల్ల ప్రతి శాంపిల్ డబ్బాకీ సొంతంగా ఒక పార్టీ పేరు, సొంతంగా ఒక రేటు, సొంతంగా ఒక ఖాళీ డబ్బాల జాబితా వచ్చిపడ్డాయి. అసలు ఆర్డరులో రేటు మారిస్తే వాటికి తెలియదు. శాంపిల్ డబ్బాని మామూలు డబ్బా క్లాసు నుంచి పుట్టించండి. పది నిమిషాల పని.

ఇక ఆ మూడు డబ్బాలు.

నెల కిందట విజయనగరం పార్టీకి 240 గ్రేడు పప్పు మూడు డబ్బాలు తక్కువ పడితే, ఇంకో పార్టీ ఆర్డరులోంచి తీసి సర్దామని మీరే రాశారు. డబ్బా మార్చడానికి మీరు రాసిన కోడ్ రెండు వరసలు. మొదటి వరసలో డబ్బా.ఆర్డరు కొత్త ఆర్డరుకి మారింది. రెండో వరసలో కొత్త ఆర్డరు జాబితాలో డబ్బా చేరింది. మూడో వరస లేదు. పాత ఆర్డరు జాబితాలోంచి డబ్బాని ఎవరూ తీయలేదు. డబ్బాని అడిగితే "నేను విజయనగరం పార్టీ దాన్ని" అంటుంది, అందుకే లేబుల్ సరిగ్గానే వస్తోంది. ఆర్డర్లని అడిగితే రెండూ "నాదే" అంటాయి. మీరు స్టాక్ లెక్కని ఆర్డర్ల జాబితాలు కూడి తెస్తున్నారు కాబట్టి మూడు డబ్బాలు రెండేసిసార్లు లెక్కకొచ్చాయి. 214కి 217.

రేషన్ కార్డు గుర్తు తెచ్చుకోండి. పెళ్లయిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో తీసి అత్తింటి కార్డులో ఎక్కించాలి, రెండు చోట్లా ఉండడానికి లేదు. మీరూ ఈ పని మీద సచివాలయానికి వెళ్లే ఉంటారు. అక్కడ తీయడం, ఇక్కడ ఎక్కించడం ఎవరింట్లో వాళ్లు చేసుకునే పని కాదు. రెండూ ఒక్క చోటే జరుగుతాయి. మీ ప్రోగ్రాంలోనూ అలాంటి చోటు ఒక్కటే ఉండాలి.

ఆర్డరు క్లాసులో "చేర్చు" అని ఒక మెథడ్, అంటే ఆ క్లాసు చేసే ఒక పని, రాయండి. అందులో మూడు పనులు, ఇదే వరసలో: డబ్బాకి ఇప్పటికే ఆర్డరు ఉంటే దాని జాబితాలోంచి తీసేయడం, ఈ జాబితాలో చేర్చడం, డబ్బా దగ్గర ఉన్న లంకెని ఈ ఆర్డరుకి తిప్పడం. డబ్బా ఇప్పటికే ఈ ఆర్డరులోనే ఉంటే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి. మిగతా కోడ్‌లో ఎక్కడా డబ్బా.ఆర్డరుకి నేరుగా విలువ పెట్టడం ఉండకూడదు. పైథాన్‌లో దాన్ని ప్రాపర్టీ అనే ఏర్పాటుగా చేసి, చదవడానికి మాత్రమే వదలండి. జాబితాని కూడా బయటికి నేరుగా ఇవ్వకండి, ట్యూపుల్‌గా, అంటే మార్చడానికి వీల్లేని జాబితాగా, చేసి ఇవ్వండి. లేకపోతే రేపు మీరే అలసిపోయిన ఓ రాత్రి ఎక్కడో అపెండ్ (జాబితా చివర చేర్చే ఆదేశం) అని రాసేస్తారు, మళ్లీ మూడు డబ్బాలు పెరుగుతాయి. వెబ్ పేజీలో ఒక ముక్కని కొత్త చోట అపెండ్ చేస్తే, పాత చోట నుంచి దాన్ని తీసే బాధ్యత కూడా ఆ అపెండే చూసుకుంటుంది. అదే పద్ధతి.

ట్యూపుల్ మాట ఊరికే చెప్పలేదు. నేను విశాఖలో పనిచేసిన రోజుల్లో ఒక బిల్లులోని 40 వరసలు ఇంకో బిల్లుకి మార్చే కోడ్ రాశాను. జాబితా మీద లూప్ తిప్పుతూ ఒక్కోదాన్నీ కొత్త బిల్లులో చేర్చాను. చేర్చినప్పుడల్లా పాత జాబితాలోంచి ఒకటి పోతోంది, మిగిలినవి ఒక మెట్టు ముందుకు జరుగుతున్నాయి, లూప్ మాత్రం తన లెక్కన తర్వాతి మెట్టుకి పోతోంది. ఒకటి విడిచి ఒకటి మారాయి. 20 ఇక్కడ, 20 అక్కడ. ఎర్రర్ ఏమీ రాలేదు, అందుకే కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. జాబితాకి ఒక నకలు తీసుకుని దాని మీద లూప్ తిప్పితే ఈ బాధ ఉండదు. మెథడ్ ట్యూపుల్ ఇస్తే ఆ నకలు దానంతటదే వస్తుంది.

ఇప్పుడు బరంపురం ఆర్డరు. నా ఉద్దేశంలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. మీరు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశారు.

ఆర్డరు రద్దయింది. మీరు ఖాతా నుంచి ఆర్డరుని తీసేశారు. దాంతో 12 డబ్బాలూ పోయాయి. గోడౌన్‌లో మాత్రం అవి ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఎందుకిలా? మీ ప్రోగ్రాంలో డబ్బాకి ఆర్డరు తప్ప ఇంకో ఇల్లు లేదు. ఏ పార్టీకీ ఇవ్వని డబ్బాల కోసం కూడా మీరు పార్టీ పేరు ఖాళీగా ఉన్న ఒక ఆర్డరు తయారు చేసి అందులో దాచారు. ఆ ఖాళీ పేరు ఆర్డరుని చూడగానే నాకు అసలు సంగతి తెలిసింది. డబ్బా ఆర్డరు బిడ్డ కాదమ్మా. గోడౌన్ బిడ్డ. ఆర్డరు దగ్గరికి కొన్నాళ్లుండడానికి వచ్చింది, అంతే.

ఏది ఎవరి బిడ్డో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: పైది పోతే కిందది కూడా పోవాలా? బిల్లు చింపేస్తే అందులోని వరసలకి విడిగా బతుకు లేదు, అవి బిల్లు బిడ్డలు. మీ దగ్గర "240 గ్రేడు, 12 డబ్బాలు, కేజీ ఇంత" అనే వరస ఆర్డరు బిడ్డ. ఆర్డరు రద్దయితే అది పోవాల్సిందే. కానీ గోడౌన్‌లో చెక్కబల్ల మీదున్న డబ్బా, పిక్క కొట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసి ఆడవాళ్లు నింపిన డబ్బా, బరంపురంలో ఎవరో ఫోన్‌లో వద్దన్నంత మాత్రాన లేకుండా పోదు. పైథాన్‌లో వెబ్ ప్రోగ్రాంలు రాయడానికి జాంగో అనే చట్రం వాడేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. 2017లో వచ్చిన జాంగో 2.0 నుంచి, ఫారిన్ కీ (ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి ఉండే లంకె) రాసేటప్పుడు పైది తీసేస్తే కిందదాన్ని ఏం చేయాలో మీరు చెప్పి తీరాలి. కిందదీ పోవాలా, లంకె మాత్రం ఖాళీ కావాలా, లేక తీయడానికే ఒప్పుకోకూడదా అని అడుగుతుంది. మీరు చట్రం లేకుండా సొంతంగా రాశారు కాబట్టి ఆ ప్రశ్న మిమ్మల్ని అడిగేవాళ్లు లేకపోయారు.

కాబట్టి ఖాతా దగ్గరే డబ్బాలన్నిటికీ ఒక పట్టీ పెట్టండి. డబ్బా నంబరు చెప్తే డబ్బా వచ్చే డిక్షనరీ. డబ్బా పుట్టగానే అందులో చేరుతుంది, సరుకు లారీ ఎక్కాకే అందులోంచి పోతుంది. స్టాక్ లెక్క ఆ పట్టీ నుంచే తీయండి. అప్పుడు ఆర్డర్ల మధ్య ఎన్ని మార్పులు జరిగినా, అందులో పొరపాటు దొర్లినా, మావయ్యగారు లెక్కపెట్టించే అంకె చెడదు. ఆర్డరు రద్దయితే దాని డబ్బాల లంకె నన్ అవుతుంది, పైథాన్‌లో ఏమీ లేదనడానికి అదే మాట. ఏ ఆర్డరూ లేకుండా డబ్బా ఉండడం మీ వ్యాపారంలో మామూలే కదా, ప్రోగ్రాంలో కూడా మామూలే కానివ్వండి. ఆ ఖాళీ పేరు ఆర్డరుని తీసేయండి.

సాయంత్రం నెమ్మదించడం గురించి మీ మరిది "సర్క్యులర్ రిఫరెన్స్, మెమరీ లీక్" అన్నారని రాశారు. అంటే ఒకదాన్నొకటి పట్టుకున్న చుట్టు లంకెల వల్ల, పని అయిపోయినవి కూడా మెమరీలో మిగిలిపోతున్నాయని. ఇక్కడ ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన పనిచేసే చోట ఆ మాట అక్షరాలా నిజం. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాషలో ప్రతి ఆబ్జెక్టుకీ తనని ఎంతమంది పట్టుకున్నారో లెక్క ఉంటుంది, లెక్క సున్నా అయితేనే చోటు ఖాళీ అవుతుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న రెండు ఆబ్జెక్టుల లెక్క ఎప్పటికీ సున్నా కాదు. వెతికి విడదీసేవాళ్లు అక్కడ లేరు. అందుకే వాళ్లు పిల్ల నుంచి పైకి వెళ్లే లంకెని వీక్ (ఆ లెక్కలోకి రాని లంకె) అని రాయడం చెయ్యి తిరిగేదాకా నేర్చుకుంటారు. సీ ప్లస్ ప్లస్ భాషలో షేర్డ్ పాయింటర్‌ (లెక్కలోకి వచ్చే లంకె)తో పాటు వీక్ పాయింటర్ కూడా 2011 ప్రమాణంలో రావడానికి కారణం ఇలాంటి కష్టమే. జావా భాషలో కథ వేరు. అక్కడ ప్రోగ్రాం చేతిలో ఉన్న వాటి నుంచి బయల్దేరి, చేరుకోగలిగినవి ఉంచి మిగతావి ఊడ్చేస్తారు, కాబట్టి చుట్టు లంకెలు అడ్డం కావు.

మీరు వాడే మామూలు పైథాన్ ఈ రెండు పద్ధతులూ కలిపి నడుస్తుంది. లెక్క ఉంటుంది. దానికి తోడు, లెక్కకి చిక్కని చుట్టు లంకెల్ని మధ్యమధ్యలో వెతికి తీసేసే ఏర్పాటు 2000లో వచ్చిన పైథాన్ 2.0 నుంచి ఉంది. ఆర్డరూ డబ్బా ఒకదాన్నొకటి పట్టుకున్నంత మాత్రాన మీ మెమరీ నిండదు.

మరి ఎందుకు నిండింది? రెండో పేజీ అడుగున చూడండి. లేబుల్ మళ్లీ ప్రింట్ చేయడానికి వీలుగా, పొద్దున్నుంచి ప్రింట్ అయిన డబ్బాలన్నిటినీ ఒక జాబితాలో దాస్తున్నారు. తాజా చేయి బటన్ నొక్కినప్పుడల్లా ఫైలు మళ్లీ చదివి కొత్త ఖాతా కట్టుకుంటున్నారు. పాత ఖాతా పోవాలి. కానీ లేబుళ్ల జాబితాలో పాత డబ్బా ఒక్కటి మిగిలినా చాలు. డబ్బా తన ఆర్డరుని పట్టుకుంది, ఆర్డరు ఖాతాని పట్టుకుంది, ఖాతా ఆర్డర్లన్నిటినీ, అవి తమ డబ్బాలన్నిటినీ పట్టుకున్నాయి. ఒక్క డబ్బా చేతిలో ఉంటే గోడౌనంతా చేతిలో ఉన్నట్టే. రోజుకి ముప్పైసార్లు తాజా చేస్తే, మధ్యలో లేబుళ్లు కొడుతూ ఉంటే, సాయంత్రానికి ముప్పై గోడౌన్లు మెమరీలో పోగుపడతాయి. పైకి లంకె ఉన్నప్పుడు కట్టాల్సిన వెల ఇదే. మీ మరిది మాటలో నిజం అన్నది దీని గురించే, ఆయన కారణం వేరుగా చెప్పినా.

దీనికి రెండు దారులు. డబ్బా నుంచి ఆర్డరుకి వెళ్లే లంకెని వీక్‌రెఫ్ చేయొచ్చు. ఫోన్ నంబరు రాసుకోవడం లాంటిది అది. మన దగ్గర నంబరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఊళ్లో ఉండిపోరు. ఫోన్ చేస్తే ఎత్తొచ్చు, ఎత్తకపోవచ్చు. ఆర్డరు పోయాక డబ్బాని అడిగితే నన్ వస్తుంది, ప్రతిచోటా ఆ నన్ సంగతి చూసుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. ఒక ఫంక్షన్‌లో ఆర్డరు తయారు చేసి, డబ్బాని చేర్చి, డబ్బాని మాత్రమే బయటికి ఇస్తే, ఆ ఆర్డరుని పట్టుకున్నవాళ్లు లేక అప్పుడే పోతుంది. డబ్బా చేతికి వచ్చేసరికి దానికి ఆర్డరు ఉండదు. ఖాతా తన ఆర్డర్లని గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం వీక్ లంకె క్షేమమే, ఆ మాట మాత్రం మర్చిపోకూడదు. పైగా మీ లేబుళ్ల విషయంలో వీక్ పెడితే, తాజా చేశాక పాత డబ్బా లేబుల్ మళ్లీ ప్రింట్ చేస్తే పార్టీ పేరు రాదు. మరిది మాట విని లంకెలు తీసేసిన తెల్లారి ఏం చూశారో అదే మళ్లీ చూస్తారు.

రెండో దారి నాకు బాగా నచ్చింది. లేబుల్ అంటే ఆ పూట ఏం అంటించామో దాని రికార్డు. రేపు ఆర్డరు మారినా నిన్న అంటించిన లేబుల్ మారదు. కాబట్టి ఆ జాబితాలో డబ్బాని దాచకండి, లేబుల్ మీద పడిన అక్షరాలు దాచండి: డబ్బా నంబరు, పార్టీ, గ్రేడు, తూకం, తేదీ. నకలు తీయాల్సిన చోట ఇది. రేటు మాత్రం డబ్బాలో నకలు పెట్టకూడదు, ఎప్పటికప్పుడు ఆర్డరుని అడగాలి. బిల్లు కొట్టే క్షణంలో మళ్లీ నకలు తీసుకోవాలి, ఎందుకంటే కొట్టేసిన బిల్లు కూడా రికార్డే.

ఇక్కడే చిన్న హెచ్చరిక. "ఇలాంటిదే ఇంకోటి" బటన్‌కి డీప్‌కాపీ వాడారు, ఆబ్జెక్టుతో పాటు అది పట్టుకున్నవన్నీ నకలు తీసే పద్ధతి అది. డబ్బాకి పైకి లంకె ఉంది కాబట్టి డీప్‌కాపీ ఆర్డరుని, ఖాతాని, అన్ని డబ్బాలనీ కలిపి నకలు తీస్తుంది. కొత్త డబ్బా ఎక్కడా లేని ఒక నకలు ఆర్డరుని చూస్తూ కూర్చుంటుంది. గ్రేడు, తూకం చూసి కొత్త డబ్బా కట్టండి, డీప్‌కాపీ తీసేయండి.

ఫైలులో దాచేటప్పుడు వచ్చే "సర్క్యులర్ రిఫరెన్స్ డిటెక్టెడ్" అన్న ఎర్రర్‌ని మీరు ఇప్పటికే ఒక దారిన దాటారు, జేసన్‌లో (సమాచారాన్ని అక్షరాలుగా ఫైలులో దాచే రూపం) డబ్బా ఆర్డరుని రాయడం మానేశారు. సరైన పనే. పైనుంచి కిందికి మాత్రమే రాయాలి, చదివేటప్పుడు చేర్చు మెథడ్‌తో పైలంకెలు మళ్లీ కట్టుకోవాలి. కొత్త ఏర్పాటులో ఖాతా కింద డబ్బాల పట్టీ ఒకసారి రాసి, ఆర్డరు కింద డబ్బా నంబర్లు మాత్రమే రాస్తే చాలు.

ఇక మీ అసలు ప్రశ్న. ఉంచాలా, తీసేయాలా. మీ ముందు మూడు దారులున్నాయి, మూడూ నడిచేవే.

లంకెలు రెండు వైపులా ఉంచి, పైన చెప్పినట్టు ఒక్క మెథడ్ చేతికి అప్పగించడం మొదటిది. మీ కోడ్ ఎక్కువ కదలదు. పాప నిద్రపోయాక మీకు దొరికే రెండు గంటల చొప్పున లెక్కేస్తే వారం, పది రోజుల్లో అయిపోతుంది. బదులుగా, ఆ మెథడ్‌ని దాటి ఎవరూ లంకె కట్టకుండా మీరు కాపలా ఉండాలి.

మీ మరిది చెప్పినట్టు డబ్బాకి ఏమీ తెలియనివ్వకపోవడం రెండోది. లేబుల్ కావాలంటే డబ్బాని అడగరు, ఆర్డరుని అడుగుతారు, లేదా లేబుల్ మెథడ్‌కి ఆర్డరుని చేతికిస్తారు. డబ్బా క్లాసు తేలికవుతుంది, విడిగా పరీక్షించడం సుళువు. చుట్టు లంకెల గొడవలు ఒక్కటీ ఉండవు. కానీ మీ గోడౌన్‌లో పని ఎలా జరుగుతుందో మీరే రాశారు: కుర్రాడు డబ్బా మీద నంబరు చదివి చెప్తాడు, మీరు అది ఎవరిదో చెప్పాలి. కింద నుంచి పైకి వెళ్లే ప్రశ్న అది. డబ్బాకి తెలియకపోతే ప్రతిసారీ అన్ని ఆర్డర్లూ వెతకాలి. ఆయన ఆ గోడౌన్‌లో ఒక పూట నిలబడి చూస్తే ఈ సలహా ఇవ్వరనుకుంటాను.

మూడోది, డబ్బా దగ్గర ఆర్డరుని కాకుండా ఆర్డరు నంబరు మాత్రమే ఉంచి, కావాల్సినప్పుడు ఖాతాని అడిగి ఆర్డరు తెచ్చుకోవడం. ఒక్క డబ్బా పట్టుకుంటే గోడౌనంతా వెంట రాదు, ఫైలులో రాయడం సుళువు. ముందు ముందు ఎస్క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కి మారాలనుకుంటే సగం దారి నడిచినట్టే, అక్కడ ఫారిన్ కీ అంటే ఇదే. నష్టం ఏమిటంటే, ఆర్డరు పోయినా నంబరు మిగిలిపోతుంది, ఎవరిదీ కాని నంబరు. ఎస్క్యూలైట్ కాపాడుతుంది గానీ ఆ కాపలా మామూలుగా ఆపేసి ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఫారిన్ కీస్ ప్రాగ్మా అనే సెట్టింగు ఆన్ చేయాలి. చాలామంది ఇక్కడే పడతారు.

నన్ను అడిగితే, ఈ ఎండాకాలానికి మొదటి దారి. సీజన్ అయిపోయాక, వానల్లో పని పల్చబడినప్పుడు, మూడో దారికి తీరిగ్గా మారండి. కానీ మీ ఇంట్లో సీజన్ ఒత్తిడి మీకు తెలుసు. ఇప్పుడు నెల రోజులు ఖాళీ ఉందనుకుంటే నేరుగా మూడో దారికే వెళ్లొచ్చు, తప్పేం లేదు. మొత్తం చెరిపేసి మొదటి నుంచి రాయడం మాత్రం ఈ మూడింట్లో దేనికీ అవసరం లేదు.

మరిదిగారితో మాట్లాడండి, అయితే భోజనాల దగ్గర వద్దు. ఫోన్ చేసి, "లేబుళ్ల జాబితా పాత డబ్బాల్ని పట్టుకుంటోంది, అందుకే నెమ్మదిస్తోంది, మీ అనుమానం ఆ వైపుకే తీసుకెళ్లింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు రాసే పరీక్షల్ని ఆయన్ని చూడమనండి. వదిన పని మీద ఆయనకి చిన్నచూపు ఉన్నట్టు నాకు ఉత్తరంలో కనపడలేదు. తన భాషలో నిజమైనది అన్ని చోట్లా నిజమనుకున్నారు. అందరి ముందు అనడం మాత్రం బాగోలేదు. అది మీకు నొప్పిగా ఉంటే ఆ మాట కూడా ఆయనకే చెప్పొచ్చు, కోడ్ గురించి మాట్లాడిన తర్వాత.

మావయ్యగారు తెచ్చిన పుస్తకాన్ని తీసి దాచకండి. ఈ సీజన్ మొదటి నెల దాన్ని పక్కనే ఉంచి, రోజూ సాయంత్రం గోడౌన్ లెక్కని ఆయన చేత్తోనే అందులో రాయించండి. మీ స్క్రీన్ మీద అంకెని మీరే ఆ పక్కన రాయండి.

ఇవాళ రాత్రి కోడ్ ముట్టుకోకముందే ఒక చిన్న పరీక్ష రాయండి. రెండు ఆర్డర్లు, ఒక డబ్బా. డబ్బాని మొదటి ఆర్డరులో చేర్చి, తర్వాత రెండో ఆర్డరుకి మార్చండి. మొదటి జాబితాలో లేదా, రెండో జాబితాలో ఒక్కసారే ఉందా, డబ్బా రెండో ఆర్డరునే చూపిస్తోందా, ఈ మూడూ అడగండి. ఇప్పుడున్న కోడ్‌తో మొదటి ప్రశ్న దగ్గరే ఫెయిల్ అవుతుంది, కావాలి కూడా. తర్వాత రెండో ఆర్డరు రద్దు చేసి, డబ్బా ఖాతా పట్టీలో ఇంకా ఉందా అని అడగండి. ఈ నాలుగూ పాసయ్యాక కూడా గోడౌన్‌లో 214, స్క్రీన్ మీద ఇంకో అంకె వస్తే, తేడా వచ్చిన డబ్బాల నంబర్లు, అవి ఏయే ఆర్డర్ల జాబితాల్లో కనిపిస్తున్నాయో రాసి పంపండి. చూస్తాను.